రిబ్బను కట్టని బోల్టు

ఆరు బోల్టులూ వంటింటి బల్ల మీద పక్కపక్కన పడి ఉన్నాయి. ఆరింటిదీ ఒకటే పొడుగు.

మార్జరీ బల్లకి ఇటువైపు నిలబడింది. ఎడ్గార్ అటువైపు కూర్చున్నాడు, తల మీది టోపీ కూడా తియ్యకుండా. చర్చి నుంచి వచ్చి కోటు విప్పబోతున్న మనిషి, బల్ల మీద ఈ ప్రదర్శన చూసి ఆ కోటుతోనే కూలబడ్డాడు.

"చెప్పు," అంది మార్జరీ.

"ఏం చెప్పమంటావు?"

"ఇవన్నీ ఏ కన్నంలోవి?"

ఎడ్గార్ ఒక బోల్టుని వేలితో కొంచెం దొర్లించాడు. అది వెనక్కి దొర్లి మళ్ళీ తన చోట్లోకే వచ్చింది. పొయ్యి మీద బంగాళాదుంపలు కుతకుతలాడుతున్నాయి. వాటి సంగతి ఇద్దరికీ పట్టలేదు.

డాటరెల్ పడవల సంఘంలో ఒక ఆచారం ఉంది. ఆ పడవలన్నీ ఒకే కొలతల్లో, ఒకే కర్రతో, ఒకే అచ్చు గుద్దినట్టు కట్టినవి. గెలిస్తే నడిపినవాడి గొప్ప తప్ప పడవ గొప్ప కాకూడదని అలా కట్టారు. ప్రతి పడవ అడుగునా ఒక ఇనప దిమ్మ వేలాడుతుంది. గాలి ఎంత తోసినా పడవ బోర్లా పడకుండా నిలబెట్టేది అదే. ఆ దిమ్మని పట్టి ఉంచేవి ఏడు బోల్టులు. చలికాలం పడవల్ని ఒడ్డుకి లాగినప్పుడు వాటిలో ఒకదాన్ని ఊడదీసి చూసి, కొత్తది బిగించాలి. ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు దాని పక్కది. తీసిన పాతదానికి నీలం రిబ్బను కట్టి చలికాలపు విందులో ఆ పడవవాడి ఇల్లాలికి బహుమానంగా ఇస్తారు. అందరూ చప్పట్లు కొడతారు, ఇల్లాలు సిగ్గుపడుతూ తీసుకుంటుంది. నగా నట్రా ఇస్తారేమో అని ఆశపడి ఈ సఫోక్ తీరంలో ఎవరూ పడవవాణ్ణి పెళ్ళాడరు కదా.

మార్జరీ వాటిని పారెయ్యలేదు. ఒకటి తలుపు కొట్టుకోకుండా అడ్డం, ఒకటి పాత పత్రికల మీద బరువు, రెండు దొడ్లో టార్పాలిన్ చివర్లకి, ఇలా ఇంటికంతటికీ పంచింది. ఇవాళ కూతురు హెస్టర్ సముద్రం మీంచి తిరిగి వస్తుంది కదా, తోమి వరసగా పెడదామని అన్నీ ఏరి తెచ్చింది. తోమింది. వరసగా పెట్టింది. పెట్టాక చూసింది.

ఇనప దిమ్మ మధ్యలో లావు, రెండు చివర్లా పలచన. నడిమి బోల్టు మూరెడు ఉండాలి. చివరివి జానెడు. ఆరేళ్ళలో వరసగా తీసినవైతే కొన్ని పొట్టి, కొన్ని పొడుగు ఉండాలి. ఇక్కడున్నవన్నీ జానెడే.

"వెనక కన్నంలోవి," అన్నాడు ఎడ్గార్ చివరికి.

"అన్నీనా?"

"అన్నీను."

"అంటే నిరుడు బిగించిన కొత్త బోల్టునే ఈ ఏడు ఊడదీసి, దానికి రిబ్బను కట్టి నా చేతిలో పెట్టావా? ఆ ముందేడు కూడా అంతేనా?" మార్జరీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "అందుకేనా ఇవింత నిగనిగలాడుతున్నాయి! నేనేమో అదంతా నా తోముడు గొప్ప అనుకున్నాను."

"వెనకదైతే ఒక్క పలక ఎత్తితే చేతికందుతుంది మార్జరీ. ముందువాటికైతే పడవలోని పొయ్యి విప్పాలి, నీళ్ళ తొట్టి తియ్యాలి. నడిమిదైతే తెరచాప కొయ్యనే పైకెత్తాలి. రెండు రోజుల పని."

"రెండు రోజులు తీరిక లేకపోయిందా నీకు, ఆరేళ్ళలో?"

"అందరూ అంతే చేస్తారు."

ఆ మాట నోరు జారింది. జారాక అతనికే వినిపించింది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అందరూ అంటే?" అంది మార్జరీ నెమ్మదిగా. "ఎడ్గార్, సంఘంలో కొలతలు చూసే పెద్దవి నువ్వు. ఎవరు బోల్టు తీసినా పక్కన నిలబడి చూసేది నువ్వు. సరే అని చెప్పేది నువ్వు. అందరూ వెనకదే తీస్తుంటే నువ్వేం చేస్తున్నావు?"

"టీ తాగుతూ నిలబడతాను," అన్నాడు ఎడ్గార్. వెటకారానికి అన్నది కాదు. నిజంగా చేసేది అదే.

కిటికీ అద్దం గాలికి కటకటలాడింది. మార్జరీ వెళ్ళి గడియ నొక్కి చూసింది, గడియ బిగుతుగానే ఉంది. అవతల ఏటి పాయలో లంగరేసిన చిన్న పడవలన్నీ ముక్కులు ఈశాన్యానికి తిప్పుకుని ఊగుతున్నాయి. పొద్దున తను ఉతికి ఆరేసిన దుప్పటి తీగ చుట్టూ మెలేసుకుంది.

డాటరెల్ పడవలన్నీ ఇవాళ తెల్లారకముందే సముద్రానికి అవతలి డచ్చి రేవు ఫ్లషింగ్‌లో లంగరెత్తి, పందెం మీద ఇంటికి బయల్దేరాయి. నిన్న సాయంత్రం హెస్టర్ ఫోన్ చేసింది. వాళ్ళు తిన్న చేపలు, తడిసిన పరుపులు, ఎవరో డచ్చి పెద్దమనిషి రేవులో వాయించిన బాకా, అన్నీ ఊపిరి సలపకుండా చెప్పింది. పెట్టేసే ముందు, 'ఈ ఒక్క దాటుడూ గెలిస్తే కప్పు మనదే అమ్మా' అంది. ఆ గొంతు మార్జరీ చెవిలో ఇంకా ఉంది.

"రేడియో పెట్టు," అంది.

ఎడ్గార్ లేచి పెట్టాడు. వాతావరణం చదివే ఆయన గొంతులో ఏ భావమూ ఉండదు. పెళ్ళి వార్తైనా చావు వార్తైనా ఆయన అలాగే చదువుతాడు. ఈశాన్యపు గాలి, బలం ఆరో నంబరు, సాయంత్రానికి ఏడు, అక్కడక్కడ ఎనిమిది. ఇసుక తిప్పల మీద అలలు ఎత్తుగా, దగ్గరదగ్గరగా.

ఎనిమిదంటే తుఫాను గాలి. ఎడ్గార్ రేడియో కట్టేశాడు.

"పొద్దున నాలుగే అన్నారు," అన్నాడు.

మార్జరీ మనసులో లెక్క వేసుకుంది. ఇరవై మూడేళ్ళ పిల్ల, తోడుగా ఇంకొక పిల్ల, అడుగున ఎవరూ చూడని ఆరు బోల్టులు. గట్టిగా ఉన్నదని తెలిసింది ఒక్కటే, వెనకది. అది మాత్రం ఏడాదికొకటి చొప్పున కొత్తది.

*

పెరటి తలుపు తోసుకుని కాన్‌స్టెన్స్ వచ్చింది. ఎడ్గార్‌కి అక్క, సంఘానికి కార్యదర్శి, ఊళ్ళో సగంమందికి తలనొప్పి. ఒంటి మీద వానకోటు, చంకలో ఫ్లానెల్ గుడ్డ చుట్టిన వెండి కప్పు.

"అబ్బ, ఏం గాలి! గొడుగు విప్పితే నేనూ ఫ్లషింగ్ దాకా పోయేదాన్ని." కప్పుని బల్ల మీద పెట్టి, బోల్టుల్ని చూసింది. "ఏమిటిది, ఇనప సామాన్ల అంగడి పెట్టారా? ఆ మాడు వాసనేమిటి?"

బంగాళాదుంపలు. మార్జరీ గిన్నె దించి నీళ్ళ తొట్టిలో పెట్టింది. అది చుయ్యిమంది.

"ఇవాళ కప్పు తోమి పెడితే రేపు పేరు చెక్కించొచ్చు," అంది కాన్‌స్టెన్స్ కుర్చీ లాక్కుంటూ. "ఎవరి పేరో ఆ సముద్రానికే తెలియాలి. మేలో మొదటి పందెం మీ హెస్టర్ కొట్టింది. జూలై వారమంతా మా అబ్బాయి లయనెల్ కొట్టాడు. ప్రయాణాల లెక్కలోనూ ఇద్దరూ సమానం. నేను చూడగా ఎప్పుడూ ఇలా జరగలేదు. జూన్‌లో చీటీలు తీసి పడవలు మార్చుకున్నారు చూడు, అప్పుడు మా పడవ బ్రాంబుల్ ఎక్కి గెలిచింది మీ పిల్ల. అప్పట్నించీ మావాడికి తిండి సయించదు. గొప్ప తనదా, పడవదా అని ఒకటే గొణుగుడు."

ఎవరూ నవ్వలేదు. కాన్‌స్టెన్స్ తమ్ముడి మొహం చూసింది, మరదలి మొహం చూసింది.

"ఎవరు పోయారు?" అంది గొంతు తగ్గించి.

"ఎవరూ పోలేదు వదినా. ఇంకా ఎవరూ పోలేదు," అంది మార్జరీ. "ఈ బోల్టుల పొడుగు చూడండి."

కాన్‌స్టెన్స్ చూసింది. పడవవాడికి కూతురు, పడవవాడికి భార్య, పడవవాడికి తల్లి. ఆమెకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటే బోల్టు ఎత్తి, దించింది.

"ఒరేయ్ ఎడ్గార్," అంది.

"అక్కా, నేను..."

"నోర్ముయ్. మా బ్రాంబుల్‌కి కూడా ఇలాగే చేశావా?" అని, తనే ఆగింది. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి. "లేదు. లేదులే. మా ఆయన పోయే ముందు చలికాలం ఏడు బోల్టులూ ఒకేసారి మార్పించాడు. నేను దగ్గరుండి చూశాను. దిమ్మ దించి మరీ మార్పించాడు. మీరంతా ఎంత నవ్వారు! బావకి ఇనుము మీద మోజు అని విందులో పాట కట్టావు నువ్వు. హమ్మయ్య."

ఆ చివరి మాట ఆమె కావాలని అన్నది కాదు. ఊపిరితో పాటు బయటికి వచ్చింది. మార్జరీ విన్నది. నా పిల్ల చచ్చేలా ఉంటే ఈవిడ హమ్మయ్య అంటోంది, నా వంటింట్లో కూర్చుని, నా కుర్చీలో. ఆ క్షణాన ఆమెకి ఆడపడుచు మీద పుట్టిన అసహ్యం ఇరవై ఐదేళ్ళ కాపరంలో ఎన్నడూ పుట్టనంతది.

"మీవాడు క్షేమం. సంతోషం," అంది. "మరి నా కూతురో?"

"అబ్బే, నా ఉద్దేశం..." కాన్‌స్టెన్స్ మొహం ఎర్రబడింది. "టీజిల్‌కి ఏమవుతుంది? నలభై ఏళ్ళుగా తేలుతున్న మీ పడవ ఈ ఒక్క మధ్యాహ్నం తేలదా?"

"బ్రాంబుల్‌లో మాట్లాడే రేడియో ఉంది కదా. మీరు పట్టుబట్టి పెట్టించారు."

"ఉంది. బరువని అందరూ ఎగతాళి చేశారు. ఉంటే?"

"తీర రేడియో కేంద్రానికి ఫోన్ చేసి వాళ్ళ ద్వారా లయనెల్‌తో మాట్లాడతాను. హెస్టర్ దగ్గరికి వెళ్ళి తెరచాపలు దించెయ్యమని చెప్పమంటాను. ఇంజనుతో మెల్లిగా రమ్మంటాను. మిగతా పడవలకి కూడా చెప్పమంటాను."

ఎడ్గార్ తలెత్తాడు. కాన్‌స్టెన్స్ బల్ల మీద చెయ్యి వేసింది.

"ఆగు మార్జరీ. నిదానంగా ఆలోచించు. రేడియోలో మాట్లాడితే అది మన మాట కాదు. ఈ తీరంలో సగం కొంపల్లో ఆదివారం భోజనాలయ్యాక ఆ స్టేషనే పెట్టుకుని కూర్చుంటారు. చేపల పడవల బూతులు వినడానికి. నువ్వు అక్కడ నోరు విప్పి, మా ఆయన ఆరేళ్ళుగా అందర్నీ మోసం చేశాడు అని చెప్తావా?"

"చెప్తాను."

"తరవాత వీడు ఈ ఊళ్ళో తలెత్తుకోగలడా? సంఘం ఉంటుందా? ఈ ఏడాది పందేలన్నీ చెల్లవంటారు. మీ హెస్టర్ కప్పు కూడా పోతుంది."

"హెస్టరే పోతే కప్పు ఏం చేసుకోను, పూలు పెట్టుకోనా?"

కాన్‌స్టెన్స్ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తరవాత మెత్తగా అంది. ఆవిడ మెత్తగా మాట్లాడితే ఇంకా భయం వేస్తుంది.

"నేను చెప్పేది పరువు గురించి కాదమ్మా. నడి సముద్రంలో ఉన్న పిల్లకి నీ కాళ్ళ కింద ఇనుము ఊడిపోవచ్చు అని చెప్తే ఏమవుతుంది? చెయ్యి వణుకుతుంది. వణికిన చేత్తో తెరచాప దించబోతుంది. నీళ్ళలో పడతారు చూడు, ఎక్కువమంది అప్పుడే పడతారు. మా నాన్న పోయింది అలాగే. ఇంకెంతసేపు, సాయంత్రానికి హారిచ్ రేవు చేరతారు. చెప్పకపోతే హాయిగా నవ్వుకుంటూ వచ్చేస్తారు. వచ్చాక నేనే వీడి చెవి మెలేసి ఏడు బోల్టులూ పీకిస్తాను."

మార్జరీకి ఆ మాటల్లో అబద్ధం కనిపించలేదు. అదే ఆమెని ఇంకా భయపెట్టింది. చెప్తే ఒక ప్రమాదం, చెప్పకపోతే ఒక ప్రమాదం. ఎటు చూసినా హెస్టర్ పసుపుపచ్చ వానకోటు వేసుకుని చుక్కాని దగ్గర కూర్చునే కనిపిస్తోంది. చిన్నప్పుడు స్నానాల తొట్టిలో కూడా ఆ పిల్ల అలాగే వెనక చివరే కూర్చునేది.

"నువ్వేమంటావు?" అంది మొగుడితో.

ఎడ్గార్ బోల్టుల వైపే చూస్తున్నాడు.

"నీ కూతురు కాదా? ఏదో ఒకటి అను! అక్క చెప్పినట్టు ఊరుకుందామను, లేకపోతే ఫోన్ చెయ్యమను."

అతను లేచాడు. టోపీ బల్ల మీదే వదిలేసి పెరట్లోకి వెళ్ళాడు. తలుపు గాలికి దభీమని కొట్టుకుంది. కిటికీలోంచి చూస్తే పనిముట్ల కొట్టం తాళం తీస్తూ కనిపించాడు.

"ఎప్పుడూ ఇంతే," అంది కాన్‌స్టెన్స్. "చిన్నప్పుడు గాజు పాత్ర పగలగొట్టినా అంతే. వెళ్ళి దాక్కునేవాడు. మా అమ్మ ముక్కలు ఎత్తేదాకా రాడు."

ఇద్దరు ఆడవాళ్ళూ వరసగా ఉన్న బోల్టుల ముందు కూర్చున్నారు. కాన్‌స్టెన్స్ అలవాటుగా ఫ్లానెల్ గుడ్డ తీసి కప్పు తోమసాగింది. మార్జరీ ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయింది. గాలి పొగగొట్టంలో దూరి మూలిగింది. ఒకసారి తగ్గినట్టే అయి, ఇంకొంచెం గట్టిగా అందుకుంది.

"తగ్గుతుందిలే," అంది కాన్‌స్టెన్స్.

"పెరుగుతోంది," అంది మార్జరీ.

*

ఎడ్గార్ తిరిగి వచ్చేసరికి చేతిలో నూనె గుడ్డ చుట్టిన పొట్లం ఉంది. దాన్ని బల్ల మీద, ఆరు బోల్టుల పక్కన పెట్టాడు. విప్పలేదు. విప్పమన్నట్టు మార్జరీ వైపు చూశాడు.

ఆమె విప్పింది.

లోపల ఒక బోల్టు ముక్క. పైన లావుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నబడిపోయి, చివర పెన్సిలంత కూడా లేదు. తుప్పు పొరలు పొరలుగా లేచింది. మార్జరీ వేలు తగలగానే చివర కొంచెం రాలి బల్ల మీద ఎర్రటి పొడి పడింది. దానికి రిబ్బను లేదు.

"ఎక్కడిది?" అంది. తెలుసు. అయినా అడిగింది.

"నడిమిది." ఎడ్గార్ కుర్చీలో కూర్చున్నాడు. "కిందటేడు చలికాలం కాదు, ఆ ముందుది. కొయ్య మార్చాం గుర్తుందా. ఎలాగూ కొయ్య పైకెత్తాం కదా, ఈసారైనా నడిమిది చూద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను మార్జరీ. రెంచీ వేసి తిప్పితే పట్టే లేదు, ఉత్తినే తిరిగింది. లాగితే చేతిలోకి ఇంతే వచ్చింది. మిగతా సగం లోపలే ఉండిపోయింది."

"తరవాత?"

"దాన్ని తియ్యాలంటే దిమ్మ మొత్తం దించాలి. బావ చేయించినట్టు. మొదటి పందెం దగ్గరికొచ్చేసింది. హెస్టర్ ఆ ఏడే మొదటిసారి తనంతట తను నడపబోతోంది. ఎంత సంబరపడిందో నీకు తెలుసు. కన్నంలో చెక్క కూరి, పైన ఒక బోల్టు తల పెట్టి రంగేశాను. చూసేవాడికి బోల్టు ఉన్నట్టే ఉంటుంది. చూసేవాణ్ణి నేనే కదా."

కాన్‌స్టెన్స్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"అంటే టీజిల్‌కి నడిమి బోల్టే లేదు," అంది మార్జరీ.

"లేదు."

"దాని అటుపక్కది, ఇటుపక్కది?"

"తెలీదు."

"తెలీదంటే?"

"చూళ్ళేదు." ఎడ్గార్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నడిమిది చూశాక వాటిని చూడ్డానికి భయమేసింది."

మార్జరీ అతని మీద అరుద్దామనుకుంది, ఆ ముక్కతోనే కొడదామనుకుంది. కానీ వాటికి వ్యవధి లేదు. ఏప్రన్ విప్పి కుర్చీ మీద పడేసి, హాల్లోకి నడిచింది. కాన్‌స్టెన్స్ వద్దనలేదు. వెనక నుంచి, "లయనెల్‌తో మెల్లిగా చెప్పు. వాడు కంగారు మనిషి," అని మాత్రం అంది.

ఫోన్‌లో తీర కేంద్రం మనిషి మర్యాదగా పలికాడు. బ్రాంబుల్ అనే పడవ, ఇంటి నుంచి పిలుపు, అవసరమైన సంగతి. ఆమె చెప్పింది చెప్పినట్టే తిరిగి చదివాడు.

"లైనులో ఉండండమ్మా, పిలుస్తాను. వాళ్ళు మాట్లాడేటప్పుడు మీరు మాట్లాడకూడదు. మీ మాట అయిపోగానే ఓవర్ అనండి."

ఆ తరవాత రిసీవరులో గరగర. ఆ గరగరలో అతని గొంతు దూరంగా, బ్రాంబుల్, బ్రాంబుల్, బ్రాంబుల్ అని పిలుస్తోంది. పిలిచి ఆగుతోంది. మళ్ళీ పిలుస్తోంది. మార్జరీ గోడకి తగిలించిన వాతావరణపు గడియారం ముల్లుని చూసింది. చర్చికి వెళ్ళేటప్పుడు ఎడ్గార్ గుర్తు పెట్టిన చోటు నుంచి అది బాగా కిందికి, తుఫాను వైపుకి దిగింది.

దేవుడా, పలికించు. ఎవరో ఒకరు పలికేలా చెయ్యి.

"బ్రాంబుల్ మాట్లాడుతోంది," అంది ఒక గొంతు. గాలిలో, నీళ్ళ చప్పుడులో ముక్కలై వచ్చింది. ఆడగొంతు. "ఎవరు? ఓవర్."

మార్జరీ రిసీవరుని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"మాట్లాడండమ్మా," అన్నాడు తీర కేంద్రం మనిషి.

"హెస్టర్? హెస్టర్, నువ్వేనా? ఓవర్."

"అమ్మా! నేనే! ఏంటి, రేడియోలో నువ్వు! ఓవర్."

"నువ్వు బ్రాంబుల్‌లో ఉన్నావా? టీజిల్‌లో లేవా? ఓవర్."

"లేనమ్మా. ఇద్దరికీ సమానంగా వచ్చింది కదా. పడవ గొప్పా, మనిషి గొప్పా తేల్చేద్దామన్నాడు లయనెల్. రాత్రి రేవులో అందరి ముందూ చేతులు కలిపి పడవలు మార్చుకున్నాం. ఇంట్లో చెప్తే అత్తయ్య ఒప్పుకోదని చెప్పొద్దన్నాడు. ఓవర్."

"హమ్మయ్య," అంది మార్జరీ.

గట్టిగానే అంది. గోడకి ఆనుకుంది. బ్రాంబుల్. ఏడు బోల్టులూ కొత్తవి. దిమ్మ దించి మరీ మార్పించినవి. తన పిల్ల కాళ్ళ కింద ఇనుము గట్టిగా ఉంది. ఆ ఒక్క క్షణం ఆమెకి ఈ లోకంలో ఇంకెవరూ లేరు.

తరవాత ఇంకొకరు ఉన్నారని గుర్తొచ్చింది.

"లయనెల్ ఎక్కడ?" అంది గొంతు బాగా తగ్గించి. "ఓవర్."

"ముందున్నాడు! దౌర్భాగ్యుడు, పొద్దుట్నించీ అందడం లేదు. మేమంతా తెరచాపలు కుదించాం. వాడు మాత్రం ఒక్క చాపా దించలేదు. టీజిల్ ఎంత పక్కకి ఒరిగి పరిగెడుతోందో నువ్వు చూడాలి అమ్మా, అడుగున వేసిన ఎర్ర రంగంతా కనిపిస్తోంది. కప్పు వాడు కొట్టేసేలా ఉన్నాడు. ఇంతకీ ఎందుకు పిలిచావు? ఓవర్."

హాలు తలుపు దగ్గర అలికిడైంది. కాన్‌స్టెన్స్. చేతిలో ఫ్లానెల్ గుడ్డ అలాగే ఉంది. మొహం విప్పారి ఉంది.

"హమ్మయ్య అన్నావు, విన్నాను," అంది. "అంతా బాగానే ఉన్నట్టేగా? నేను చెప్పలేదూ? పలికాడా మావాడు? ఇలా ఇవ్వు, నేనూ ఓ మాట మాట్లాడతాను. భోజనం చేశాడో లేదో." అని చెయ్యి చాచింది.

రిసీవరులో హెస్టర్ గొంతు, "అమ్మా? వినిపిస్తోందా? ఓవర్," అంటోంది.

ఇందాక ఈ మనిషి నోటి నుంచి వచ్చిన మాటే తన నోటి నుంచీ వచ్చింది. మార్జరీకి ఆమె మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది. చెప్పకుండా ఫోన్ పెట్టెయ్యొచ్చు. సాయంత్రానికి చేరతారు, నవ్వుకుంటూ వచ్చేస్తారు. ఆ మాట అన్నదీ ఈవిడే. తన పిల్లకి ఇక ఏ భయమూ లేదు. ఆ ఆలోచన వచ్చినందుకే మార్జరీకి తన మీద తనకే అసహ్యం వేసింది.

రిసీవరుని రెండు చేతులా పట్టుకుంది.

"హెస్టర్, జాగ్రత్తగా విను," అంది. తీరమంతా వింటే విననీ. "టీజిల్ అడుగున నడిమి బోల్టు లేదు. మిగతావి ఎలా ఉన్నాయో మీ నాన్నకి తెలీదు. ఎలాగైనా లయనెల్‌ని అందుకో. తెరచాపలన్నీ దింపించు. ఇప్పుడే. ఓవర్."

గరగర. గరగరలో నీళ్ళ చప్పుడు. తరవాత హెస్టర్ గొంతు, నవ్వు లేకుండా.

"ఉండమ్మా. ఇందాకే కనిపించాడు. చూస్తున్నాను..."

ఆమె ఓవర్ అనలేదు. ఆ గొంతు మధ్యలో తెగిపోయింది. తీర కేంద్రం మనిషి మళ్ళీ మొదలుపెట్టాడు. బ్రాంబుల్, బ్రాంబుల్, బ్రాంబుల్.

వంటింటి గుమ్మంలోకి ఎడ్గార్ వచ్చి నిలబడ్డాడు. అక్క వీపు వైపు చూసి, అక్కడే ఆగిపోయాడు.

"హెస్టర్‌తో ఎందుకు మాట్లాడుతున్నావు?" అంది కాన్‌స్టెన్స్. ఇంకా నవ్వు మొహంతోనే ఉంది, ఆ నవ్వు ఎక్కడ దించుకోవాలో తెలియనట్టు. "లయనెల్‌ని తెరచాపలు దింపమంటావేమిటి? మావాడు ఉన్నది బ్రాంబుల్‌లో కదా, మార్జరీ?"

ఫోన్ కోసం చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది.